ఆ డబ్బాలో ఈదమ్మ నేల

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది వేసవిలో నన్ను మార్కాపురం నుంచి నల్లమల అంచున ఉన్న ఒక మండలానికి సర్వేయరుగా వేశారు. మండల సర్వేయరు తహసీల్దారు కింద పనిచేయాలి, కొలతల్లో తప్పొస్తే మాత్రం డివిజన్‌లోని సర్వే ఇన్‌స్పెక్టరుకు జవాబు చెప్పుకోవాలి. ఆడమనిషిని కావడంతో వచ్చినవాళ్లంతా "సర్వేయరు సారు ఎప్పుడొస్తాడు?" అని నన్నే అడిగేవారు. నేనేనని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది.

నాకు అప్పగించిన పని అడవి పక్కనున్న ఒక చెంచు గూడెంలో చేల కొలత. తరతరాలుగా ఆ నేల దున్నుకుంటున్న కుటుంబాలకు హక్కు పత్రం ఇవ్వాలంటే ఎవరి చేను ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో ముందు తేలాలి. చేతిలో పట్టుకునే జీపీఎస్ యంత్రంతో చేను ప్రతి మూలలోనూ నిలబడి ఆ చోటు అంకెలు పట్టుకోవాలి.

ఆ గూడెంలో ఒక పట్టింపు ఉంది. మూల మీద పక్క చేనివాళ్లు కూడా కాలు పెట్టి నిలబడితే తప్ప కొలవనివ్వరు. "పక్కోడి కాలు పడకుండా అది మూల ఎట్లవుద్దమ్మా?" అన్నారు. ఒక చేను అయి పక్క చేను మొదలుపెడితే మళ్లీ అదే గట్టు, అదే మూల, అదే మనుషులు. చేలన్నీ వరసగా ఆనుకుని ఉండడంతో ప్రతి గట్టూ రెండుసార్లు కొలవాల్సి వచ్చింది. ఇదేం తంతురా బాబూ అని ఎండలో విసుక్కున్నాను.

కొలతలన్నీ ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించి, తర్వాతి గూడెం కోసం జీపీఎస్‌ను ఖాళీ చేశాను. నెట్‌వర్క్ సరిగా లేక పైకి పంపడం వాయిదా పడుతూ వచ్చింది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయించింది. అది ఆల్-ఇన్-వన్ రకం. దానికి వేరే పెట్టె ఉండదు, తెర వెనకాలే అన్నీ ఇమిడి ఉంటాయి. ఫైలు తెరవబోతే లోపల టిక్కుటిక్కుమనేది. హార్డ్‌డిస్క్ పోయే ముందు అలాగే చప్పుడు చేస్తుందని విని ఉన్నాను. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెడితే సగంలోనే ఆగిపోయింది. సోమవారం అటవీ శాఖ సెక్షన్ ఆఫీసరుతో ఉమ్మడి తనిఖీ ఉంది. మళ్లీ కొలుద్దామంటే జీపీఎస్ అప్పటికే వేరే సర్వేయరుతో తర్వాతి గూడేనికి వెళ్లిపోయింది. ఆ రోజు కొలత చూపించలేని చేను జాబితాలోంచి తప్పిపోతుంది, మళ్లీ ఎప్పుడు ఎక్కుతుందో చెప్పేవాళ్లు లేరు.

ఆ సంగతి ఎలా తెలిసిందో, గూడెంలో ఒంటరిగా బతికే ఈదమ్మ అనే పెద్దావిడ ఆఫీసుకు వచ్చింది. "మా నేలంతా ఆ డబ్బాలో ఉండాదంట గదమ్మా. డబ్బా చచ్చిపోతే మా నేల యాడికి పోవాల?" అని అడిగింది. ఏం కాదని చెప్పాను గానీ నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

వారంటీ తీరిపోయింది. మెకానిక్ ఒంగోలు నుంచి రావడానికి వారం పడుతుందన్నాడు. ఆఫీసు యంత్రాన్ని బయటికి పంపకూడదు, పంపినా బస్సు కుదుపులకు ఆ డిస్క్ బతికేలా లేదు. ఇక నేనే విప్పాలనుకుని మార్కాపురం వెళ్లి ఎస్‌ఎస్‌డి కొన్నాను. తిరిగే భాగాలేవీ లేకుండా చిప్పులతోనే పనిచేసే కొత్త రకం డిస్క్ అది. "మార్చేది పెద్ద పనేం గాదు మేడమ్, అద్దం పగిల్తే మాత్రం నన్ను అడగమాకండి" అన్నాడు దుకాణం శెట్టి. తహసీల్దారు గారు నా పూచీ మీద విప్పుకోమని చేతులు దులుపుకున్నారు.

రెండో శనివారం ఆఫీసుకు సెలవు. లోపల నేనూ, అటెండరు కాసిం. వరండాలో ఈదమ్మ కూర్చుంది. ఇంటికి పొమ్మన్నా కదల్లేదు.

వైరు పీకి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టాను. దుప్పటి పరిచి తెరను బోర్లా పడుకోబెట్టాం. ఒక పలక మీద యంత్రం వీపు గీసుకుని, విప్పిన ప్రతి స్క్రూనీ బొమ్మలో దాని చోటే పెట్టాను. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే తెర చీలిపోతుంది. అంచు వెంట ఏటీఎం కార్డు దూర్చి నెడుతుంటే ప్లాస్టిక్ కొక్కేలు టప్పుమని ఊడసాగాయి. ఊడిన ప్రతిసారీ అద్దం పగిలిందనే అనుకున్నాను. చెమట కారి బోర్డు మీద పడుతుందేమోనని కొంగు నుదుటికి కట్టుకున్నాను.

మూత లేవగానే లోపల తెల్లటి ఉప్పు పూత కనిపించింది. కాసిం ముఖం మాడిపోయింది. వేసవంతా కూలరును కంప్యూటర్ వైపు తిప్పి పెట్టింది ఆయనే. "ఎండకు అది కూడా అల్లాడిపోతా ఉందని తిప్పినా మేడమ్" అన్నాడు. మా బోరు నీళ్లలోని ఉప్పంతా తుంపరగా వెళ్లి డిస్క్ కనెక్టరు మీద పేరుకుంది. కోపం వచ్చింది గానీ, భయం ముందు అది నిలబడలేదు.

పాత డిస్క్ తీసి, ఎస్‌ఎస్‌డి బిగించి, మూత పెట్టి, పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకున్న విండోస్ ఎక్కించాను. యంత్రం లేచింది. పాత డిస్క్ కనెక్టరు పళ్లను రబ్బరుతో మెల్లగా రుద్ది, కేబులుతో బయటినుంచి తగిలించాను. గూడెం ఫోల్డరు ఒక్కటే కాపీకి పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముట్టుకుంటే ఆగిపోతుందేమోనని భయం. అది నత్తనడకన సాగి, చివరికి డిస్క్ ఒక్కసారి కీచుమని మూగబోయింది. మళ్లీ పలకలేదు.

వచ్చిన ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచాను. అన్నీ తెరుచుకున్నాయి, ఒక్కటి తప్ప. అది ఈదమ్మది. మళ్లీ మళ్లీ నొక్కాను. వరండా వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు. ఆమెకు ఏమని చెప్పాలి, నీ ఒక్కదాని నేలే పోయిందనా?

తెర మీద గూడెం పటంలో ఆమె చేను ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీకి అటూ ఇటూ పక్కవాళ్ల చేలు. వాటినే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో, అప్పుడు తట్టింది. ఎడమ పక్క చేను కుడి గట్టు రెండు మూలలూ ఈదమ్మ మూలలే. కుడి పక్క చేను ఎడమ గట్టు రెండు మూలలూ ఆమెవే. ఆమె చేనుకు ఉన్నవే నాలుగు మూలలు. పక్క ఫైళ్లలోంచి ఆ నాలుగు మూలల అంకెలూ తీసి గీతలు కలిపాను. ఖాళీ పూడింది.

వెంటనే రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీలు తీసి, ఈదమ్మను పిలిచి జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె తెర వంక చూసి, నా వంక చూసి, "ముందే జెప్పినాం గదమ్మా, పక్కోళ్ల కాలు పడాలని. నువ్వే యాష్టపడితివి" అని లేచి బస్సుకు వెళ్లిపోయింది.

ఆ చేనును పక్క చేల కొలతల నుంచి గీశానని నివేదికలో రాశాను. సోమవారం సెక్షన్ ఆఫీసరు మూలల మీద నడిచి చూసి సంతకం పెట్టారు. పదవీ విరమణ దాకా నా కింద పనిచేసిన సర్వేయర్లకు రెండు నియమాలు పెట్టాను. కొలిచిన రోజే కొలత రెండో చోటికి చేరాలి. గట్టు ఎన్నిసార్లు కొలవమంటే అన్నిసార్లూ కొలవాలి, విసుక్కోకుండా.