ఉతై దాకా వెళ్ళిన కారవాన్

నాకు అర్థం కానిదేదైనా ఎదురైతే ముందు కోపమొస్తుంది, ఆలోచన ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది. తొంభైల నడిమిలో ఒక ఎండాకాలం, భిలాయి సెక్టర్ ఏడులో మా క్వార్టర్ ముందు ఒక ట్రాక్టర్ ఏదో గదిలాంటిదాన్ని ఈడ్చుకొచ్చి వదిలిపెట్టిన రోజునా అంతే జరిగింది. కాలేజీ నుంచి సైకిల్ మీద వచ్చేసరికి గేటుకి అడ్డంగా ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన డబ్బా ఒకటి నిలబడి ఉంది. దానికి రెండు చక్రాలు, ఒక తలుపు, అద్దాలు పగిలిన కిటికీలు ఉన్నాయి. పక్కన మా నాన్న కొత్త పెళ్ళికొడుకులా నవ్వుతూ నుంచున్నాడు. సైకిల్ లోపలికి పెట్టుకోడానికి కూడా దారి లేదు.

"ఇదేటి నాన్నా?" అన్నాను.

"కారవాన్" అన్నాడు, అదేదో మా ఇంట్లో పొద్దున్నా సాయంత్రం వాడుకునే మాటైనట్టు.

బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లన్నమాట. భిలాయి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో రష్యా నుంచి వచ్చిన ఇంజనీర్లు గనుల వైపు వెళ్ళినప్పుడు అందులోనే వండుకుని అందులోనే పడుకునేవారట. వాళ్ళు వెళ్ళిపోయాక అది ఎక్కడెక్కడో ఎండకీ వానకీ పడి ఉండి, చివరికి తుక్కు కింద వేలమై ఊరి శివార్లలో ఉతై అనే పల్లెకెళ్ళే రోడ్డులో ఒక కబాడీవాలా దగ్గరికి చేరింది. నాన్న దాన్ని ఎప్పుడు చూశాడో, ఏం చూసి మనసు పడ్డాడో మాకు తెలీదు. వీధిలో తలా ఒక మాట అన్నారు. ఒకాయన సంచార దవాఖానా అన్నాడు. ఇంకొకావిడ, రిటైరయ్యాక మీ నాన్న ఛాట్ బండి పెడతాడా అని నన్నే అడిగింది. నాన్న అందరికీ నవ్వే జవాబుగా ఇచ్చాడు.

ఆ రిటైరవడమన్న మాటే మా ఇంట్లో అసలు గొడవ. నాన్న ప్లాంటులో ఫిట్టర్. దసరాలు దాటగానే రిటైరవుతాడు. రిటైరైతే క్వార్టర్ తాళాలు తిరిగి ఇచ్చెయ్యాలి. అక్క పెళ్ళై రాయపూర్లో ఉంది కాబట్టి మిగిలింది మేం ముగ్గురం. ఆ ముగ్గురం ఎక్కడికి వెళ్ళాలన్నది ఎవరికీ తెలీదు. స్మృతి నగర్‌లో ఊళ్ళోనే ఉన్న మా మేనత్తగారి మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. శ్రీకాకుళం దగ్గర పెదనాన్న వాళ్ళ ఊళ్ళో మాకో వాటా ఉంది. అమ్మ కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, దీపం పెడుతూ ఒకటే అడిగేది.

"రిటైరయ్యేక ఎక్కడుంటామండీ?"

"చూద్దాంలే" అనేవాడు నాన్న.

అలా చూద్దాం, చూద్దాం అంటూ ఆయన చివరికి చూసి తెచ్చింది ఈ డబ్బా. అమ్మ గుమ్మంలో నిలబడి దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. లోపలికి వెళ్ళి గిన్నెలు తోముకుంది. మమ్మల్ని ఇందులో పెడతాడు కాబోలు అని నాకప్పుడే అనుమానం వచ్చింది. నాకొచ్చిన అనుమానం అమ్మకి రాకుండా ఉంటుందా! అయినా ఆవిడ అడగలేదు. నేను మాత్రం ఊరుకోలేక అడిగాను.

"అయ్యేక చెప్తాను" అన్నాడు నాన్న. నాకు ఒళ్ళు మండిపోయింది.

మరమ్మతు మొదలైంది. నాన్నకి ఏ షిఫ్టు ఉంటే దానికి తగ్గట్టు, మిగిలిన టైమంతా దాని లోపలే. ప్లైవుడ్ గోడలు చేత్తో నొక్కితే అటుకుల్లా రాలాయి. కందిరీగలు గూడు కట్టుకున్నాయి. మూల ఒక చిన్న ఇనప పొయ్యి, గోడకి మడిచిపెట్టే మంచం, కిటికీ కింద మడత బల్ల, వాటి మీద మాకు చదవడం రాని రష్యా అక్షరాలు. ఆ మంచం మొదటిసారి కిందికి దిగినప్పుడు నాన్న నన్ను కేకేసి మరీ చూపించాడు. బాగుందని నా మనసుకి అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపమొచ్చి, మొహం ముడుచుకుని వచ్చేశాను. అమ్మ పక్షాన ఉండాలో నాన్న పక్షాన ఉండాలో ఆ ఎండాకాలమంతా నాకు తేలలేదు.

పక్క క్వార్టర్ అంకుల్ వెల్డర్. గుంటూరు వైపు మనిషి. ఆదివారం చర్చి నుంచి రాగానే మంచి బట్టలు మార్చుకుని వచ్చేసేవాడు. ఇంకో వీధిలో ఉన్న క్రేన్ ఆపరేటర్ మావయ్య కూడా చేరాడు. ముగ్గురూ కలిసి పుచ్చిపోయిన ప్లైవుడ్ ఊడదీశారు. దాని స్థానంలో ఏం వెయ్యాలన్న చర్చ వాళ్ళ మధ్య ఒక్క క్షణం కూడా నడవలేదు.

"సెక్క అయితే మళ్ళీ పుచ్చిపోతాది. ఇనుం పుచ్చుతాదేటి?" అన్నాడు నాన్న.

"అంతేగా మరి. ప్లేటేసి కొట్టామంటే నీ మనవలు కూడా వాడుకుంటారు" అన్నాడు అంకుల్.

గోడలకి ప్లేటు వేశారు. పైకప్పుకి ప్లేటు వేశారు. కింద కాళ్ళు జారకుండా గళ్ళ అచ్చున్న మందపాటి ప్లేటు వేశారు. మూలలకి యాంగిల్ ఇనుం ముక్కలు, తలుపుకి గేటుకి పెట్టేలాంటి గడియ. కబాడీవాలా దగ్గర నుంచి ఇనుం రిక్షాల మీద వస్తూనే ఉంది. రాత్రి పగలు ఇనుం మధ్య బతికిన మనుషులు, వాళ్ళ చేతికి వేరే వస్తువు తెలీదు. ఇంత బరువు దేంతో లాగుతారని వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. వాళ్ళు పనిచేసే చోట పైన క్రేను ఉంటుంది. కొక్కెం తగిలించి చెయ్యి ఊపితే ఎంతటి వస్తువైనా లేచి పోతుంది. బరువు సంగతి ఎప్పుడూ పైనున్నవాడిది. ఆ పైనున్నవాడు, మా క్రేన్ మావయ్య, కింద కూర్చుని టీ తాగుతూ చాలా బాగా వచ్చిందని మెచ్చుకుంటున్నాడు.

ఆ టీ అమ్మ పంపేది. తను మాత్రం కారవాన్ గుమ్మం తొక్కలేదు. నాన్న లోపల లేత నీలం రంగు వేసి, కిటికీలకి అమ్మ పాత చీర కత్తిరించి పరదాలు కడతానన్నప్పుడు చీర ఇచ్చింది. అడిగింది ఇచ్చేది, ఏదీ అడిగేది కాదు. ఎక్కడుంటామండీ అన్న ప్రశ్న కూడా ఆ ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. జవాబు గేటు ముందే ఉంది కదా అనుకుని ఉంటుంది.

వానలు పడ్డాక ఒక ఆదివారం ప్రయాణమన్నాడు నాన్న.

"ఎక్కడికి?" అన్నాను.

"ఊరికే. పదండి, మీకే తెలుస్తాది."

ఆ రెండు మూడు రోజులూ అమ్మ చేసిన పనులు చూసి నాకు మతి పోయింది. బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు, స్టీలు బిందెలు, పరుపులు, ట్రంకు పెట్టెలో పట్టుచీరలు, అక్క పెళ్ళి ఫోటోలు అన్నీ మూటలయ్యాయి. దేవుడి పటాలు ఒక్కొక్కటే దించి, తుడిచి, పాత తువ్వాళ్ళలో చుట్టింది. మోయలేని రుబ్బురోలు పక్కింటి ఆంటీకి ఇచ్చేసింది. పెరట్లో సన్నజాజి పందిరికి నీళ్ళు పోస్తూ ఉండమని ఆవిడకి చెప్పి, ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చింది. దసరాలకి ముందే ఇల్లు ఖాళీ చేసేస్తున్నట్టున్నాం, అమ్మకి నాన్న చెప్పేసి ఉంటాడు, నాకు ఒక్కదానికే చెప్పలేదు అనుకుని, నేను కూడా ఉక్రోషంగా నా పుస్తకాలూ సర్టిఫికెట్లూ సంచిలో కుక్కుకున్నాను. నాన్న ఆ మూటలు చూసి మురిసిపోయాడు. "చూసేవా, మీ అమ్మకెంత సరదాగా ఉందో!" అని నా చెవిలో అన్నాడు. సరదా ఎక్కడ కనబడిందో ఆయనకి, నాకైతే అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున్న ఎవరిదో జీపు తెచ్చారు. కొక్కెం తగిలించారు. జీపు గోల పెట్టింది, నల్లగా పొగ వదిలింది, కాలిన వాసన వీధంతా కమ్మింది. కారవాన్ ఉన్నచోటు నుంచి ఇంచీ జరగలేదు. వీధి మగవాళ్ళంతా వెనకనుంచి తోశారు, ఎవరో హైలెస్సా అన్నారు. ఉపయోగం లేదు. నాన్న, అంకుల్, క్రేన్ మావయ్య ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అప్పుడు తట్టింది వాళ్ళకి బరువు సంగతి. అంకుల్ పగలబడి నవ్వాడు. నాన్నకి నవ్వు రాలేదు, చెవులు ఎర్రబడ్డాయి. చివరికి మొదట దాన్ని తెచ్చిన ఉతై ట్రాక్టర్ భయ్యాకే కబురు పెట్టారు. అతను వచ్చి, చుట్టూ తిరిగి, గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూసి, "అబ్బడ్ గరూ హే కకా" అన్నాడు. ఇది మహా బరువుగా ఉంది కాకా అని. అయినా తగిలించాడు. నాలుగుసార్లు గేర్లు మార్చాక మా ఇల్లు కదిలింది.

మేం ముగ్గురం లోపల కూర్చున్నాం. సైకిళ్ళవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ పోతూ కిటికీలోంచి తొంగి చూసి నవ్వుతున్నారు. అమ్మ మడత మంచం అంచున, దేవుడి పటాల మూట ఒళ్ళో పెట్టుకుని, చెదరకుండా కూర్చుంది. క్వార్టర్ల వరస కనుమరుగయ్యేదాకా వెనక కిటికీలోంచి చూసి, ఆ తర్వాత పరదా లాగేసింది. నాన్న ఏదో చెప్పబోయాడు కానీ ఆ ఇనప గోడల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు.

ఉతై బజారు దాటాక, ఒక వరిమడి పక్కనున్న ఖాళీ జాగా చూపించి ఇక్కడ ఆపమన్నాడు నాన్న. ట్రాక్టర్ రోడ్డు దిగింది. కారవాన్ కూడా దిగింది, దిగుతూనే ఉంది. తడి నల్లమట్టిలో రెండు చక్రాలూ ఇరుసు దాకా కూరుకుపోయాక గానీ ఆగలేదు. ట్రాక్టర్ భయ్యా లాగి లాగి చేతులెత్తేశాడు. ఇంకో ట్రాక్టర్ తెస్తానని కొక్కెం విప్పుకుని వెళ్ళిపోయాడు. నాన్న బురదలో గొంతుక్కూర్చుని చక్రాల వైపు చూస్తున్నాడు. వర్క్‌షాపులో అంత పేరున్న మనిషి అలా బిక్కమొహం వేసుకుని ఉండటం నేనెప్పుడూ చూడలేదు. జాలేసింది. పైకి మాత్రం "బాగుంది సంబడం" అన్నాను.

లోపల అమ్మ కిరసనాయిలు స్టవ్ వెలిగించి అన్నం పెట్టింది. మడత బల్ల మీద పసుపురాసి, పటాలు వరసగా నిలబెట్టి, అగరొత్తి వెలిగించి దండం పెట్టుకుంటోంది. నాన్న గుమ్మంలోకి వచ్చి అది చూసి ఆగిపోయాడు.

"దేవుళ్ళనెందుకు తెచ్చేవు?"

అమ్మ వెనక్కి తిరగలేదు. "ఇల్లు మారుతూ దేవుడ్ని వొదిలీసి వొస్తానేటండీ?"

"ఇల్లు మారడమేటి?"

"మరి ఇదేటి?"

నాన్న ఆ గుమ్మంలోనే, కాళ్ళ నిండా బురదతో కూలబడి చెప్పాడు అప్పుడు. ఇందులో ఉండటానికి కాదు. ఇందులో తిరగడానికి. ఉతైలో రెండ్రోజులు, స్మృతి నగర్‌లో ఆడబిడ్డ ఇంటి పక్కన రెండ్రోజులు, సెలవు దొరికితే శ్రీకాకుళం దాకా కూడా. ప్రతిచోటా ఇందులోనే వండుకుని, ఇందులోనే పడుకుని చూస్తే, అమ్మకి ఎక్కడ బాగుంటుందో అమ్మకే తెలుస్తుందని. అక్కడే ఇల్లు చూద్దామని.

"అది నన్నడిగితే సరిపోను కదండీ" అంది అమ్మ.

"అడిగితే చెప్తావేటి? ఏదడిగినా మీ ఇష్టం అంటావు. కూరేం వండాలన్నా మీ ఇష్టం, పిల్లకి సంబంధం చూసినా మీ ఇష్టం. అందుకే చూపిద్దామనుకున్నాను."

నేను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాను. ఇన్ని నెలలు ఆ మనిషి కందిరీగల చేత కుట్టించుకున్నదీ, వేళ్ళు కాల్చుకున్నదీ ఇందుకా? ఈవిడ రుబ్బురోలు దానం చేసేసిందీ, పరదాలకి చీర ఇచ్చిందీ ఇక్కడే కాపురమని నమ్మా? ఇద్దరి మీదా కోపం రావాలి నాకు. రాలేదు. ఏడుపొచ్చింది, ఎవరి గురించో తెలీలేదు.

"సరే, ఇప్పుడడుగుతున్నాను. నా ఇష్టం కాదు, నీ ఇష్టమే చెప్పు. ఎక్కడుంటావు?" అన్నాడు నాన్న.

అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు పరదా వైపు చూసింది. ఆవిడ మళ్ళీ మీ ఇష్టమే అంటుందని నేను భయపడ్డాను.

"మన క్వార్టర్లోనండి" అంది.

నాన్న తలెత్తాడు.

"సెక్టర్ ఏడులో. ఆ ఇంట్లోనే ఉంటాను. నాకింకెక్కడా వొద్దు."

లోకంలో ఎక్కడికైనా లాక్కుపోదామని కట్టిన బండిలో కూర్చుని, ఆ మనిషి ఇవ్వలేనిది అదొక్కటే అడిగింది. బయట దూరంగా ట్రాక్టర్ చప్పుడు వినబడుతోంది. నాన్న ఈసారి చూద్దాం అని కూడా అనలేకపోయాడు.

"అదొక్కటీ నా చేతిలో లేదు" అన్నాడు చివరికి.

"తెలుసండి. ఇన్నాళ్ళకి అడిగేరు కదా, చెప్పేను" అంది అమ్మ. అని, వంగి, ఆయన కాళ్ళకంటిన బురద తన కొంగుతోనే తుడవడం మొదలుపెట్టింది.