వాన వెలిసిన తర్వాత

శింగనమల దగ్గర గొర్రెలు కాసే మారెప్పకు వానంటే భయం లేదు. వాన నిలిస్తేనే భయం.

నిరుడు అతని తమ్ముడు ఎర్రన్న పోయింది వాన వెలిసాకే. ఇక్కడి కాపరులకు ఒక అలవాటు. వాన వెలియగానే రాతిబండ ఎక్కి తడిసిన కంబళిని విదిలిస్తారు. ఆ ఊపు చూసి చెదిరిన మంద దగ్గరికొస్తుంది. ఎర్రన్న కంబళి ఎత్తినప్పుడు నెత్తి మీద ఎండ ఉంది. మబ్బు చెరువు దాటిపోయింది. అయినా పిడుగు పడింది.

"పోయిన మబ్బు మళ్లీ తిరిగి కొట్టినాదేమన్నా?" అని మారెప్ప ఊరి బడిలో పాఠాలు చెప్పే నన్నడిగాడు.

చదివిన మేరకు చెప్పాను. నేలకు దిగే పిడుగుల్లో ఎక్కువ భాగం మబ్బు అడుగు నుంచి రుణ విద్యుత్తు తెస్తాయి. వాన తగ్గి మబ్బు చచ్చుబడే వేళ, పైభాగంలోని ధన విద్యుత్తు దిగడం మొదలవుతుంది. అలాంటివి అరుదే. కానీ చాలా దూరం వచ్చి పడతాయి, ఎక్కువసేపు కాలుస్తాయి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా పల్లంలోంచి లేవొద్దన్నాను.

"అదే ఆఖరుదని ఎట్ల తెలుస్తాదన్నా?"

తెలియదు. ఉరిమిన ప్రతిసారీ అరగంట లెక్క మళ్లీ మొదటికొస్తుందని మాత్రం చెప్పాను.

ఈ ఎండాకాలం ఒక సాయంత్రం మారెప్ప, భార్య బయమ్మ బండ కింద పల్లంలో ముడుచుకు కూర్చున్నారు. వాన నిలిచింది. బండ మీద గొర్రె ఈనింది. పిల్ల అరుస్తోంది.

"తడికి చస్తాది. చెయ్యి ఇడువు," అంది బయమ్మ.

"కూచో."

"ఎండ కాస్తాండాది, కండ్లు కనపడవా నీకు?"

"ఎర్రన్నకూ కాసింది."

దూరంగా ఉరిమింది. మారెప్ప ఆమె మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"మోడానికి మన మీదేనా కన్ను?" అంది బయమ్మ మబ్బు కేసి చూస్తూ. అతను రెండో చేత్తో కూడా ఆమెను పట్టుకున్నాడు. ఆమె పెనుగులాట మానేసింది.

పిల్ల అరుపు సన్నబడింది. కాసేపటికి వినిపించలేదు. అది ఆగడం ఇద్దరూ విన్నారు.

మళ్లీ ఉరమలేదు. చాలాసేపటికి బండ ఎక్కారు. బిగుసుకుపోయిన పిల్లను తల్లి ఇంకా నాకుతూనే ఉంది.

"పిడుగు పడలే," అంది బయమ్మ.

"పడలే."

"రేపూ ఇట్లే పట్టుకుంటావా?"

"పట్టుకుంటా."

బయమ్మ మబ్బు పోయిన దిక్కు చూసింది. కంబళిని విదిలించలేదు. తడిగానే మడిచి చంకన పెట్టుకుని, మందను తోలుకురావడానికి నడిచే పోయింది.