తలుపులు మింగిన ఇరవై నాలుగు కోట్ల ఏళ్లు

మా ఆయన గోడలకు రంగులేస్తాడు. ముప్పై రెండేళ్లుగా అదే పని. ఇన్నేళ్లలో ఆయన వల్ల ఒక్క పొరపాటూ జరగలేదు. రంగు పెచ్చులూడితే గోడలో చెమ్మ, చుక్కలు కారితే బ్రష్షు నాసిరకం, ఇంట్లో పాలు పొంగితే నా పరధ్యానం.

మా అమ్మాయి బడిలో సైన్సు చెబుతుంది. తాత్కాలిక ఉద్యోగం. శనివారం తనిఖీకి వచ్చేవాళ్లు మెచ్చుకుంటే పర్మనెంటు చేయిస్తానని హెడ్‌మాస్టరు మాటిచ్చాడు. దాంతో అది బడి వరండా గోడ మీద కన్నేసింది. ఈ కొస నుంచి ఆ కొసకు నలభై ఆరు మీటర్లు. భూమి వయసేమో దాదాపు నాలుగు వందల అరవై కోట్ల ఏళ్లు. మీటరుకు పది కోట్ల ఏళ్ల చొప్పున భూమి కథంతా బొమ్మలు వేయించాలని దాని పట్టుదల. ఇంట్లో నాన్న ఉండగా వేరే పెయింటరెందుకు?

ఏ బొమ్మ ఎన్నో మీటరు దగ్గర రావాలో కాగితం మీద రాసిచ్చింది. అది చదివి ఆయన మొహం చిట్లించాడు.

"ఎనిమిదో మీటరు దగ్గర కంటికి కనపడని జీవాలు. సరే. అక్కణ్ణుంచి నలభై దాకా ఏం వేయాలమ్మా?"

"ఎక్కువగా పాచే నాన్నా."

"ముప్పై మీటర్ల పాచా! దానికి నేనెందుకు? నాలుగు వానాకాలాలు వదిలేయండి, అదే పడుతుంది."

సణుగుతూనే మూడు రోజులు పాచి వేశాడు. ఆ తర్వాత పురాజీవ మహాయుగం వచ్చింది. గుల్లల పురుగులు, చేపలు, నేల మీద తొలి మొక్కలు, ఒడ్డెక్కిన కప్పల్లాంటివి. ఇక్కడ ఆయన చెయ్యి రెచ్చిపోయింది. నోరు తెరుచుకున్న ఒక చేప అచ్చం మా ఆడపడుచే.

గురువారం మధ్యాహ్నం నేను క్యారియరు తీసుకుని వెళ్లేసరికి ఆయన గోడ చివర టేపు పట్టుకుని కొయ్యబారి ఉన్నాడు. రాక్షసబల్లులు, పక్షులు, ఏనుగులు, మనుషులు ఇంకా రావాలి. గోడ మాత్రం అయిపోయింది.

పెయింటర్లు గోడ కొలిచేటప్పుడు తలుపులు వదిలేసి కొలుస్తారు. ఆయన చేతికి అదే అలవాటు. వరండాలో రెండు తలుపులు, రెండూ కలిపి రెండు మీటర్ల నలభై. తలుపు వచ్చినచోటల్లా టేపు ఎత్తి అవతల పెట్టాడు. ఇరవై నాలుగు కోట్ల ఏళ్లు వాటిలోకి పోయాయి.

అప్పుడే మా అమ్మాయిని వెంటబెట్టుకుని హెడ్‌మాస్టరు వచ్చాడు.

"మనుషులేరి టీచర్? కొలతలు రాసిచ్చింది మీరేగా? ఈమాత్రం లెక్క రాకపోతే పిల్లలకేం చెప్తారు? మీ ఉద్యోగం సంగతి మళ్లీ ఆలోచించాలి."

దాని కాగితంలో లెక్క తప్పు లేదు. అయినా అమ్మాయి నోరు విప్పలేదు. నలుగురిలో నాన్నను చిన్నబుచ్చడం కన్నా ఉద్యోగం పోవడమే నయమనుకుంది, పిచ్చిపిల్ల.

ఆయన నిచ్చెన వైపు చూశాడు. టేపు వైపు చూశాడు. నెపం దేని మీద నెట్టాలా అని వెతుకుతున్నాడని నాకు తెలిసిపోయింది. చివరికి చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"కాగితం కరెక్టే సార్. తలుపులు వదిలేసి కొలిచింది నేను. తప్పు నాదే. అమ్మాయిని ఏమీ అనకండి."

క్యారియరు కింద పెట్టి, ఈయన మా ఆయనేనా అని మళ్లీ చూశాను.

హెడ్‌మాస్టరు కాగితం తీసుకుని రెండుసార్లు చూశాడు. "శనివారానికి సరిచేయగలరా?" అన్నాడు, గొంతు తగ్గించి.

శుక్రవారం రాత్రికి పని ముగిసింది. తలుపులకూ పాచి పట్టింది. మా ఆడపడుచుతో సహా చేపలన్నీ చెరిగిపోయి, వెనక్కి జరిగి మళ్లీ పుట్టాయి. రాక్షసబల్లులకు మీటరున్నర పైనే దక్కింది. మనుషులందరికీ కలిపి మూడు మిల్లీమీటర్లు మిగిలితే, సన్న బ్రష్షుతో నిలువుగా ఒక గీత గీశాడు. తనిఖీవాళ్లు ఆ గీత దగ్గర వంగి చాలాసేపు చూశారట. అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది.

ఆ సాయంత్రం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఆయన రెండు ముద్దలు తిని, మెల్లగా అందుకున్నాడు.

"అసలు వరండాలో అన్ని తలుపులు పెట్టిన మేస్త్రీని అనాలి."

"అవును నాన్నా, తప్పంతా అతనిదే" అంది అమ్మాయి, ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం పెడుతూ.

ముప్పై రెండేళ్లలో మొదటిసారి నేనూ ఔనన్నాను.