ఖాలా బుర్ఖా కింద రాయని సగం

మా మేనత్త ఆ పాత నల్ల బుర్ఖాను మ్యూజియానికి ఇస్తానన్నప్పుడే నేను వద్దనాల్సింది. పాతబస్తీలో ఒక చిన్న మ్యూజియం వాళ్లు నిజాం పాలన చివరి రోజుల మీద ప్రదర్శన పెడుతూ, ఇళ్లల్లో మిగిలిన వస్తువులు, వాటి కథలు కావాలని అడిగారు. నేను తెలుగు టీచరుగా రిటైరైనదాన్ని కాబట్టి అత్త చెప్పింది రాసిపెట్టే పని నా మీద పడింది.

అప్పుడు వాళ్లది పత్తర్‌గట్టి వెనక సందులో ఇల్లు, కింద బట్టల దుకాణం. అత్తకు తొమ్మిదేళ్లు. రజాకార్ల భయంతో ఇంటిల్లిపాదీ వణుకుతుంటే, అత్త ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ తన బుర్ఖాను మా నానమ్మకు తొడిగి, తల్లీకూతుళ్లను టాంగాలో మలక్‌పేట స్టేషన్‌కు తీసుకెళ్లి రైలెక్కించింది. దారిలో ఆపినవాళ్లతో ఈమె నా చెల్లెలని చెప్పింది. కొన్నాళ్లకు సైన్యం వచ్చింది, రాజ్యం మారింది, వీళ్లు తిరిగొచ్చారు. ఈసారి భయపడే వంతు పక్కింటిది. ఒక సాయంత్రం ఖాలా భర్త కోసం కర్రలతో మనుషులొచ్చారు. ఖాలా పరుగున వచ్చి మా తలుపు కొట్టింది. తాత గడియ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు గాని తీయలేదు. ఖాలా భర్తను తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. ఖాలాకు ఎదురుపడే ముఖం మావాళ్లకు లేక బుర్ఖా మా ఇంట్లోనే ఉండిపోయింది.

రెండు పేజీలు రాసిచ్చాను. కుదించమంటే పది వాక్యాలు చేశాను. కమిటీ చూడాలన్నారు. కమిటీ చూశాక ఇంకో కమిటీ చూసింది. ఒకే ఫారం మూడుసార్లు నింపించారు.

ప్రదర్శన మొదటిరోజు అత్తను ఉప్పుగూడ నుంచి ఆటోలో తీసుకెళ్లాను. బుర్ఖా పక్కన గోడకు లేబుల్ అంటించారు. అత్తకు చూపు ఆనదు.

"సదువు బిడ్డా," అంది.

"ఉద్రిక్త పరిస్థితుల్లో ఒక పొరుగింటి మహిళ చూపిన మానవత్వానికి గుర్తు."

"తర్వాత?"

"అంతే అత్తా."

"అంతే ఏంది? తలుపు ముచ్చటేది?"

ప్రదర్శన చూసుకునే అధికారి పరుగెత్తుకొచ్చాడు. "జాగా లేదమ్మా. గట్లాంటియి రాస్తే లొల్లయితది. మంచి ముచ్చట పెట్టినం గదా."

లేబుల్ కింద మూరెడు గోడ తెల్లగా, ఖాళీగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"ఆమె మంచిదని నాకెరుకనే. మేమేం జేసినమో చెప్పనీకే గద ఇచ్చింది! రాయకుంటే బుర్ఖా వాపస్ ఇయ్యిండ్రి."

వాపసు తీసుకోవడానికి ఇంకో ఫారం ఉందట.

అత్త వాచ్‌మన్ కుర్చీ లాక్కుని బుర్ఖా పక్కనే కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్లకూ కథ మొత్తం చెప్పడం మొదలుపెట్టింది, తెలుగువాళ్లకు తెలుగులో, మిగతావాళ్లకు ఉర్దూలో. ఒక పెద్దాయన నిలబడి అంతా విన్నాడు.

"ఖాలా ఏమైంది?" అని ఉర్దూలో అడిగాడు.

"నై మాలూమ్ బేటా. హమ్ పూఛేచ్ నై," అంది అత్త. తెలియదు, మేం అడగనే లేదు. ఆయన వెళ్లాక, తర్వాత వచ్చినవాళ్లకు మళ్లీ మొదటినుంచి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే అత్త తయారై కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. నా మోకాళ్లు నొప్పులు, ఆటోవాళ్లతో బేరాలు, మధ్యలో ఆ అధికారి ఫోన్లు: "మేడమ్, మీ అత్తమ్మను జర సముదాయించుండ్రి." నన్నెవరు సముదాయించాలి?

మూడోవారంలో కొత్త లేబుల్ పెట్టారు. చివర ఒక వాక్యం చేర్చారు: "తరువాత ఆ మహిళ ఆపదలో వచ్చినప్పుడు ఈ కుటుంబం తలపు తీయలేదు."

తలుపు అని రాయడం కూడా రాలేదు! ముప్ఫై ఏళ్లు పిల్లల చేత దిద్దించినదాన్ని, అక్కడే అధికారిని నిలదీశాను. అర్జీ పెట్టమన్నాడు. అక్కడే నిలబడి రాసిచ్చాను.

"తప్పు రాసిండ్రా?" అంది అత్త.

"ఒక్క అక్షరం."

"మేము తియ్యలేదని ఉన్నదా?"

"ఉంది."

"అయితే నడువు బిడ్డా, నడుం గుంజుతున్నది."