అరువు గొంతు
ఉప్పళం వరదరాజులుకు 1986లో మద్రాసు టీవీ సీరియల్లో చంద్రలోకపు సేనాధిపతి వేషం దొరికింది. వెండిరంగు బిగుతు చొక్కా, అద్దం ముందు నెలల తరబడి సాధన చేసిన కనుబొమ విరుపు అతనివే. గొంతు మాత్రం వేరొకరిది. అతని తమిళంలో తెలుగు యాస ఉందని డైరెక్టరు ఇంకెవరిచేతో మాటలు చెప్పించాడు. ఒక ఆదివారం ఇరుగుపొరుగంతా అతనింట్లో సీరియల్ చూస్తుండగా, వంటింట్లోంచి భార్య కోమలం, "ఎవురిదండీ ఆ గొంతు? తేనె మాదిరి ఉండాది" అంది.

ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు. మరుసటి ఆదివారం టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి, పక్కనే నిలబడి తన మాటలన్నీ తానే చెప్పసాగాడు. కోమలం గరిటెతోనే బయటికొచ్చింది.

"అదేంది, సౌండు తీసేస్తిరి?" అంటూ తనే మళ్లీ పెంచింది. తెరమీద కదులుతున్న తన పెదవులను వరదరాజులు చూడలేదు. ఆ గొంతు వింటూ మెల్లగా విచ్చుకుంటున్న భార్య ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు.