ఎడమవైపు వెనక డోరు

కొత్త జిల్లాలు ఏర్పడిన అయిదో ఏడాది మార్చిలో నన్ను జనగామ ఆఫీసు నుంచి భూపాలపల్లి జిల్లా కార్యాలయానికి బదిలీ చేశారు. నేను సర్కారు డ్రైవర్‌ను, మాది జఫర్‌గఢ్ దగ్గరి పల్లె. అప్పటిదాకా సర్వీసంతా తెల్ల జీపులే తోలాను. ఇక్కడ జిల్లా అధికారికి కొత్తగా నల్ల కారు వచ్చింది. నల్ల రంగు దర్జాగా ఉంటుంది గానీ దాని మీద ఏదీ దాగదు.

బొగ్గు లారీలు తిరిగే ఊళ్లో బండి కడగడం వేరే విద్య. చెల్పూర్ దాకా పోయివస్తే చాలు, బండి ఒళ్లంతా సన్నటి దుమ్ము. చేతికి పౌడర్‌లా మెత్తగా తగులుతుంది, పొడి గుడ్డతో రుద్దితే ఉప్పుకాగితం పని చేస్తుంది. అందుకని నీళ్లు పోసి దుమ్ము జారిపోయేదాకా బండిని ముట్టకూడదు. నీడలో, బానెట్ చల్లారాక, పై నుంచి కిందికి కడగాలి. సబ్బు నీళ్లకొక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకొకటి. చక్రాల గుడ్డ వేరు. గుండ్రంగా తిప్పకుండా నిలువుగా తుడవాలి.

బండి కడిగేది ద్వాలి. మానుకోట దగ్గరి తండా మనిషి, మా ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ స్వీపర్. ఆమెకు ఇవన్నీ ఒక్కసారే చెప్పాను. తర్వాత ఒకరోజు కింద పడ్డ గుడ్డను నేనే దులిపి వాడబోతే, నా చేతిలోంచి లాక్కుని అవతల పారేసింది.

చిక్కంతా కడిగిన తర్వాత వచ్చేది. సారు బండి గేటు లోపలికి రాగానే సూపరింటెండెంట్ గారు మెట్లు దిగివచ్చి, జేబులోని దస్తీతో బానెట్ తుడిచేవారు. ఆఫీసులో సారు తర్వాత అంతటివారు ఆయనే. సారు ఒకరోజు చూసి నవ్వారు. మర్నాడు సీనియర్ అసిస్టెంట్ తువ్వాలతో దిగాడు. సర్కారు బండిలో అధికారి కూర్చునేది వెనక సీట్లో ఎడమవైపు కాబట్టి, ఆ డోరుకు గిరాకీ ఎక్కువ. వారం తిరిగేసరికి ఫైళ్లు తుడిచే గుడ్డలు కూడా కిందికి దిగాయి. దరఖాస్తులతో వచ్చినవాళ్లు వరండాలో కూర్చుని ఈ సేవను తీరుబడిగా చూసేవాళ్లు. పొడి గుడ్డ పెట్టొద్దని ఒకసారి సూపరింటెండెంట్ గారికి మనవి చేశాను. “సారు బండికి దుమ్ముంటే నీకు మంచిగనిపిస్తదా?” అన్నారు. దీనికి సర్వీసు రూల్సులో జవాబు లేదు.

పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక సారు బండి పక్కన ఫోటోకు నిలబడ్డారు. ఏటవాలు ఎండలో బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు కనబడ్డాయి. సాయంత్రానికే విచారణకు ఆదేశం వచ్చింది. విచారణాధికారి సూపరింటెండెంట్ గారే. ఆయన హోదా ప్రకారం పై నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ నిర్దోషులుగా తేలుస్తూ కిందికి దిగారు. ద్వాలి దగ్గర ఆగారు, ఎందుకంటే ఆమె కింద ఇంకెవరూ లేరు. నిర్లక్ష్యంగా కడిగిందని, నెలాఖరున ఆమె కాంట్రాక్టు పొడిగించొద్దని నివేదిక రాశారు. ఆమె ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. ఆమెను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

నాకు ఒళ్లు మండింది. సారును అయిదు నిమిషాలు అడిగి కిందికి పిలుచుకొచ్చాను. వెనకే సూపరింటెండెంట్ గారూ దిగారు. బండిని నీడలో పెట్టి, ఫోను లైటును ఏటవాలుగా పట్టాను. బానెట్ మీద గీతలు. ఎడమ వెనక డోరు మీద గీతలు. తర్వాత కుడివైపుకు, డిక్కీ దగ్గరికి తీసుకుపోయాను. అక్కడ సారు మొహం అద్దంలో కనిపించినట్టు కనిపించింది.

“సార్, ద్వాలి బండి మొత్తం కడుగుతది. గీతలు మాత్రం మీకు కనబడే కాడనే ఉన్నయి” అన్నాను.

సారు కాసేపు బండిని చూశారు, కాసేపు సూపరింటెండెంట్ గారిని చూశారు. ఆయన చేతిలోని దస్తీని మెల్లగా జేబులో పెట్టుకున్నారు.

నివేదిక మారింది. గీతలకు కారణం వాతావరణమని తేలింది. ద్వాలి కాంట్రాక్టు పొడిగించారు. బండిని ఎవరూ ముట్టరాదని సర్క్యులర్ వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు, సారు దిగే వేళకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మావాళ్లు చాలా పరేషాన్ అయ్యారు.

గీతలు పోగొట్టే పని నామీద పడింది. రంగు పైన నిగనిగలాడే పూత ఒకటి ఉంటుంది. గీత మీద గోరు నడిపితే జారిపోవాలి, అప్పుడు దెబ్బ ఆ పూత వరకే అని అర్థం. బండి కడిగి ఆరాక, మెత్తటి గుడ్డ మీద పల్లీ గింజంత రబ్బింగ్ కాంపౌండ్ తీసుకుని, అరచేయంత జాగా చొప్పున తేలికగా రుద్ది, చివర పాలిష్ పట్టించాలి. నేనూ ద్వాలీ రెండు ఆదివారాలు కూర్చుంటే సాలెగూడంతా పోయింది.

ఎడమ వెనక డోరు పిడి లోపలి గుంటలో నాలుగు గీతలు మాత్రం కదల్లేదు. గోరు పెడితే అందులో చిక్కింది. రంగు తెగి దాని కింది ప్రైమర్ పూత కనబడుతోంది. ఏ మహానుభావుడి పనో అని విసుక్కున్నాను.

ద్వాలి గుడ్డ పిండుతూ, “నీయే అన్నా. దినాం సారుకు డోరు తీస్తవు గద, గా ఉంగరంతోని” అంది.

నా కుడిచేతి పగడపు ఉంగరాన్ని గీతలో పెట్టి చూశాను. సరిగ్గా కూర్చుంది. ఎప్పటినుంచి తెలుసని అడిగితే, ఎండాకాలం నుంచే చూస్తున్నానంది.

“మరి ఎంక్వైరీల ఎందుకు చెప్పలే?”

“నన్నెవలు అడిగిన్రు? చెప్తె నీకు మెమో అస్తుండె.”

నాకు సిగ్గేసింది. ఆ గీతల్లో సన్న కుంచెతో టచప్ రంగు పలచగా నింపి, ఒక రోజు ఆరనిచ్చి, రెండువేల నంబరు వాటర్ పేపర్ అనే సన్నటి ఉప్పుకాగితాన్ని తడిపి రుద్ది, పాలిష్ పెట్టాను. లైటు పక్కనుంచి వేస్తే ఇప్పటికీ కనబడతాయి. ఉంగరం మాత్రం ఆ రోజే తీసేశాను.

బండి మీది గీత ఎవరిదో రోజూ కడిగేవాళ్లకు తెలుస్తుంది. విచారణ వాళ్ల దగ్గర మొదలుకావాలి. ఆమె తరఫున మాట్లాడానని ఆ నెలంతా అనుకున్నాను గానీ, ఆమెను అడగనివాళ్లలో నేనూ ఒకణ్ణి.