గంట విశ్రాంతి

ఆ రోజుల్లో నాకు ఆకలి ఎప్పుడు వేసినా, అన్నానికి దొరికేది మాత్రం ఇరవై నిమిషాలే. డిగ్రీ అయ్యాక పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో లా ఎంట్రన్స్ కోచింగ్‌కి వెళ్లి, పదింటికల్లా అదే రోడ్డులో ఓ చీరల షాపులో సేల్స్‌గర్ల్‌గా నిలబడేదాన్ని. మధ్యాహ్నం నాలుగో అంతస్తు స్టాక్ రూములో, అట్టపెట్టెల మధ్య భోజనం. ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఆరు నిమిషాలు పోయేవి (లిఫ్టు కస్టమర్లకి మాత్రమే). మేనేజరుని మేం స్టాప్‌వాచ్ బాబాయ్ అనేవాళ్లం. పద్దెనిమిదో నిమిషానికి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవాడు. ఆ శబ్దానికి పెరుగన్నం గొంతులోనే ఆగిపోయేది.

నా కౌంటర్లోనే మీర్‌పేట్ నుంచి వచ్చే అక్క ఉండేది. ఆవిడకి షుగరు. గోలీ వేసుకున్నాక టైముకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఆషాఢం సేల్‌లో ఓ రోజు మా భోజనం మూడింటికి వెనక్కి జరిగింది. ఆ రోజు అక్క పట్టుచీర చూపిస్తూ చూపిస్తూ, చీరతో సహా వెళ్లి కస్టమరమ్మ ఒళ్లో పడింది. (ఆవిడ బెదిరిపోయి ఆ చీరే కొనుక్కుంది.)

నాకు రక్తం మరిగిపోయింది. కోచింగ్‌లో అప్పుడే దుకాణాల చట్టం విన్నాను. వరసగా అన్ని గంటలు పని చేయించకూడదు, మధ్యలో గంట విశ్రాంతి ఇచ్చి తీరాలి. ఇంకేం, వనస్థలిపురంలో మా ఇంట్లో కూర్చుని "నిరంతరాయ శ్రమచే కృశించుచున్న మేము" అంటూ రెండు పేజీల అర్జీ రాశాను. మర్నాడు షాపు తెరవకముందే ఓనరు టేబుల్ మీద పెట్టేశాను, సంతకం చేయడం మాత్రం మర్చిపోయాను. (మర్చిపోయాననే ఇన్నాళ్లూ అందరికీ చెబుతున్నాను.)

ఓనరు అందర్నీ నిలబెట్టాడు. "ఎవరు రాసిన్రు?"

నా ఉద్యోగం పోతే కోచింగ్ కూడా పోతుంది. ఇంతలో అక్క ముందుకెళ్లింది. "నేనే రాసిన సార్."

"అట్లనా? చదువు మరి."

అక్క కళ్లద్దాలు ఇంట్లోనే ఉన్నాయి. కాగితం తలకిందులుగా పట్టుకుని మొదలుపెట్టింది. "సార్, గోలీ ఏసుకున్నంక బువ్వ తినకపోతే నాకు పానం పోయినట్లయితది. నిన్న పడ్డ. రేపు గూడ పడ్త. జర కూసోని తినేటట్లు గంట టైమియ్యండ్రి."

"గిందుట్ల గోలీ ముచ్చట యాడున్నది?" అన్నాడు ఓనరు.

అప్పుడొచ్చింది నా నోటికి మాట. "సార్, రాసింది నేను. కానీ అక్క చెప్పిందే బాగుంది. చట్టం కూడా అదే అంటోంది."

ఆయన తన వకీలుకి ఫోన్ చేశాడు. అవతల ఏమన్నారో గానీ, ఈయన మాత్రం "గంటనా? పూరా గంటనా?" అని మూడుసార్లు అడిగాడు. ఆ సోమవారం నుంచి రెండు బ్యాచులుగా గంట భోజనం మొదలైంది.

తీరా గంట చేతికొచ్చాక ఏం చేయాలో మాకు తెలియలేదు. పావుగంటలో తినేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత్తర్వాత మా అమ్మ చేసిన గోంగూర అక్క జొన్నరొట్టెల్లోకి వెళ్లింది. పక్క కౌంటర్లోని బాలాపూర్ పిల్ల పాటలు పాడింది. కొందరు పెట్టెలకి ఆనుకుని గురకలు పెట్టారు. అంత నిండైన గంటలు మళ్లీ నా బతుకులో రాలేదు.

ఇప్పుడు ఎల్బీ నగర్‌లో వకీలుని. నా భోజనాన్ని ఎవరూ కొలవరు. వరండాలో నిలబడి, ఫోన్ మాట్లాడుతూ, రెండు బిస్కెట్లతో కానిచ్చేస్తాను. మొన్న ఎందుకో మనసు లాగి, మెట్రో ఎక్కి ఆ షాపుకి వెళ్లాను. అక్క ఇంకా అక్కడే ఉంది, స్టాక్ రూములో భోజనానికి కూర్చుని. "ఏంది, గిట్ల సన్నగైనవ్? కూసో," అంటూ తన రొట్టె సగం తుంచి పెట్టింది. తిన్నాను. అట్టపెట్టెకి ఆనుకున్నాను. లేచేసరికి మూడున్నర, ఫోన్‌లో క్లయింటువి పదకొండు మిస్డ్ కాల్స్. ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తూ మెట్లు దిగుతుంటే, ఈ లాయరమ్మ మొహం మీద అట్టపెట్టె గీతలు షాపు అద్దంలో కనిపించి నవ్వొచ్చింది. చెరుపుకోబుద్ధి కాలేదు.